పిడి మీది పట్టీ

కత్తి మంచిదో చెడ్డదో గంట మామ ముందు చెవితో చెప్పేవాడు. కొత్త కత్తి చేతికొస్తే, పిడిని రెండు వేళ్ల మధ్య వదులుగా వేలాడదీసి, అలుగును షెడ్డు గుమ్మంలో ఉన్న నల్లరాతికి ఒక్కసారి తాటించి, తల పక్కకి వంచి వినేవాడు. గంటలా మోగి ఆ మోత సన్నగా సాగితే ఇనుము మంచిది. టప్పుమని అక్కడే చచ్చిపోతే లోపల ఎక్కడో బీట ఉన్నట్టు. అది దాటిన కత్తుల్లో పదింటికి ఒకటి చొప్పున తీసి, ఎండిన మొద్దు మీద వంద దెబ్బలు కొట్టేవాడు. వంద పూర్తయ్యాక కూడా పదును పట్టిన వాదర మడత పడకుండా, పిడి ఊగకుండా ఉంటే ఆ పదీ పాసైనట్టే. అప్పుడు పాత సైకిలు ట్యూబుల నుంచి కోసిన రబ్బరు పట్టీని అలుగు పిడిలోకి దిగే మెడ నుంచి పిడి చివరి దాకా బిగించి చుట్టి, కొసన తన ముడి వేసేవాడు. ఆ ముడి ఇంకెవరికీ రాదు. కరెంటు లైన్ల కింద చెట్లు కొట్టే ఆ పనివాళ్లలో, ఆ ముడి కనిపించాక కత్తిని తిప్పి చూసుకునే అలవాటు ఎవరికీ లేదు.

అలాంటి ముడి ఉన్న కత్తే మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకి మెడ దగ్గర విరిగి, ఎగిరి, ఆయన కూతురి కుడిచెయ్యి కోసేసింది. దాన్ని పట్టుకుని నరుకుతున్నవాడు ఆమె మొగుడే.

బుధవారం ఉదయం గంట మామ ఆసుపత్రికి వెళ్లేసరికి అల్లుడు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మామగారిని చూసి లేచి స్టూలు ఇటు జరిపాడు. గంట మామ దాని మీద కూర్చోలేదు. మంచం అంచున, కూతురి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మోకాళ్లు అరిగిపోయిన మనిషి కదా, కూర్చునేటప్పుడు మూలిగాడు. ఆ మూలుగు విని కూతురు కళ్లు తెరిచింది.

"టీ తాగావా నాన్నా?"

"నా టీకేం తొందర. నొప్పెలా ఉంది?"

"ఇప్పుడు కాస్త తక్కువే. వేళ్లు మాత్రం నావి కానట్టున్నాయి."

కట్టు మోచేతి దాకా ఉంది. చివర నాలుగు వేళ్ల కొసలు వాచి కనిపిస్తున్నాయి. బొటనవేలు కదిపి చూపించింది. మిగతావి కదపమని ఎవరూ అడగలేదు.

డాక్టరు చెప్పింది అల్లుడు చెప్పాడు. అరచేతి వెనక మూడు వేళ్ల నరాలు తెగాయి. ఇప్పటికి పైన కుట్టారు. మూడు వారాల్లోపు ఇంకో ఆపరేషన్ చేసి లోపలివి కలపాలి. లేకపోతే ఆ వేళ్లు ఇక లేవవు. ఆ ఆపరేషన్ ఇక్కడ చెయ్యరు, పెద్దాసుపత్రికి పంపాలి. పంపాలంటే పని చేయించేవాళ్లు కాగితం ఇవ్వాలి. వాళ్లు కాగితం ఇవ్వాలంటే పనిముట్టు వల్ల జరిగిందని తేలాలి.

"స్టోరు గుమాస్తా నిన్ననే రాసేశాడంట మావయ్యా. నా అజాగ్రత్త వల్లే జరిగిందని."

గంట మామ అప్పటిదాకా అతని మొహం చూడలేదు. ఇప్పుడు చూశాడు.

"ఏం చేశావు ఆ కత్తిని?"

"కొట్టాను."

"కొడితే విరగదు. ఆ సరుకు మీద నేను వందేసి కొట్టాను. రాతికేసి కొట్టావా?"

"లేదు."

"వీపు మీద సుత్తితో బాదావా?"

"లేదు మావయ్యా. కొమ్మ పంగలో ఇరుక్కుంది. రాలేదు. ఇలా తిప్పి లాగాను. మళ్లీ కొట్టాను."

అల్లుడు మణికట్టు అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"తిప్పావు," అన్నాడు గంట మామ, దొంగని సందులో పట్టుకున్నవాడిలా. "చూశావా అమ్మా. తిప్పాడు. ఇరుక్కున్న కత్తిని పక్కకి తిప్పకూడదని నా దగ్గర పనికొచ్చిన మొదటి రోజే చెప్పాను వీడికి."

"అందరూ తిప్పుతారు నాన్నా," అంది కూతురు.

"అందరి కత్తులూ విరగలేదుగా."

కూతురు కళ్లు మూసుకుంది. అల్లుడు ఖాళీ గ్లాసు తీసుకుని, దానిలో నీళ్లు పట్టడానికి బయటికి వెళ్లి, చాలాసేపటి దాకా రాలేదు.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. గంట మామ అల్లుడంటే గిట్టనివాడు కాదు. నిన్నటిదాకా అతని పేరెత్తితే మొహం విప్పారేది. కానీ ఈ లెక్కలో తప్పు అల్లుడిదైనా కావాలి, ముడిదైనా కావాలి. ముప్ఫై అయిదేళ్లుగా వేస్తున్న ముడి. అల్లుడు వచ్చి ఎనిమిదేళ్లే అయింది.

గురువారం స్టోరు గుమాస్తా కబురు పెట్టాడు. గుమాస్తా చెడ్డవాడని ఎవరూ అనరు. నవ్వుతూ మాట్లాడతాడు, మనిషి వెళ్లగానే కుర్చీ వేస్తాడు, తన మీదికి ఏదీ రాకుండా చూసుకుంటాడు.

"రా మామా, కూర్చో. అమ్మాయికెలా ఉంది? పాపం. చూడు, శనివారం విచారణకి పెద్దాఫీసు నుంచి ఆఫీసరమ్మ వస్తోంది. నువ్వేం మాట్లాడక్కర్లేదు. కొట్లోంచి ఒక కొత్త కత్తి తీసి, ఆవిడ ముందు నీ వంద దెబ్బలు నువ్వు కొట్టు. అంతే."

"నా అల్లుడి మీద రాశారంట."

"ఎవరో ఒకరి మీద రాయాలి కదా మామా. సరుకు తప్పంటే కొన్న నా మెడకి, పాస్ చేసిన నీ మెడకి చుట్టుకుంటుంది. అతను కుర్రాడు. రెండు నెలలు పక్కన పెడతారు, మళ్లీ తీసుకుంటారు."

"ఆపరేషనో?"

"దానికి ఇంకేదైనా దారి చూద్దాంలే."

విరిగిన కత్తి చూపించమన్నాడు గంట మామ. అది ప్లాస్టిక్ సంచిలో, లక్క ముద్ర వేసి, బీరువాలో ఉంది. సంచి పైనుంచే చూడనిచ్చాడు. పొడవాటి అలుగు ఒక పక్క, నల్లటి ప్లాస్టిక్ పిడి ఒక పక్క. పిడికి చుట్టిన పట్టీ కొంత చిరిగి వేలాడుతోంది. ముడి మాత్రం చెక్కు చెదరలేదు. సంచి లోపల పట్టిన చెమ్మలో విరిగిన చోటు సరిగ్గా కనబడలేదు.

బీరువా తలుపు మూస్తుంటే ఆయనకి నాలుగు నెలల కిందటి పూట గుర్తొచ్చింది. అంతకుముందు కత్తులు కొలిమిలో సాగగొట్టి చేసినవి వచ్చేవి. బరువు, వికారం, కానీ మెడ దగ్గర గుండ్రంగా దిగి పిడిలోకి పోయేవి. ఈ కొత్తవి రేకులోంచి కోసినవి. చవక. చూడ్డానికి దర్జాగా, మూరెడు పొడుగున ఉన్నాయి. పదును బాగానే ఎక్కింది, మోత కూడా బాగానే వచ్చింది. మెడ దగ్గర మాత్రం గుండ్రం లేదు. పెట్టె మూలలాగా నిలువుగా కోసి ఉంది. ఇనుము బీట పడితే అలాంటి మూలలోంచే పడుతుంది. గంట మామ ఆ మూల మీద బొటనవేలు పెట్టి కాసేపు ఆగాడు. అప్పుడు ఇదే గుమాస్తా అన్నాడు: "నీ చేతికి రేకు ముక్క ఇచ్చినా నిలుస్తుంది మామా." ఆ మాటకి ఆయన నవ్వి, బొటనవేలు తీసేసి, మొద్దు మీద కొట్టడం మొదలుపెట్టాడు.

ఆ రోజు ఆ మాట పొగడ్తలా వినిపించింది. ఇప్పుడు ఇంటికి నడుస్తుంటే అదే మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంటోంది. ఎందుకో మాత్రం తెలియలేదు.

శుక్రవారం ఆయన పనివాళ్ల లారీ ఎక్కి లైను దగ్గరికి వెళ్లాడు. ఆరేళ్లయింది అక్కడికి వెళ్లి. మోకాళ్లు పోయినప్పటినుంచి షెడ్డులో సాన పట్టడం, కొత్త సరుకు చూడటం, అంతే పని. అల్లుడు తిప్పిన చోటు తన కళ్లతో చూసి, విచారణలో సూటిగా చెబుదామని ఆయన ఉద్దేశం. అల్లుడు ఎక్కడ తప్పు చేశాడో వేలు పెట్టి చూపించాలి. అది చూపిస్తే కూతురి ఆపరేషన్ ఏమవుతుందన్న ఆలోచన వచ్చినప్పుడల్లా దాన్ని పక్కకి నెట్టేశాడు.

అక్కడంతా వాలు. పైన తీగలు, కింద ముళ్లు, మధ్యలో మనుషులు. మగవాళ్లు నరుకుతారు, ఆడవాళ్లు కొమ్మలు ఈడ్చి దారి పక్కన పోస్తారు. కొమ్మలు ఈడ్చే వాళ్లలో ఒకావిడని అందరూ రేడియో అంటారు. ఆవిడ నోటికి మీట లేదు.

"అదిగో, ఆ మోడే మామా. నేనప్పుడు ఇక్కడున్నా, మీ అమ్మాయి అక్కడుంది, వంగుంది. ఠక్కుమంది. కత్తి కొమ్మలోనే ఉందనుకున్నాం. పిడి చేతిలో ఉంది, కత్తి లేదు. మీ అల్లుడు కత్తి ఎక్కడా అని వెతుకుతున్నాడు మామా, పాపం, కింద వెతుకుతున్నాడు. అది మీ అమ్మాయి చేతిలో ఉంది."

ఆ మాటన్నాక రేడియో కొంగుతో ముక్కు తుడుచుకుని వెళ్లి కొమ్మ పట్టుకుంది.

గంట మామ ఒక రాయి మీద కూర్చుని చూశాడు. పొద్దున తొమ్మిదికి వాళ్ల దెబ్బలు బాగానే ఉన్నాయి. భుజం లేస్తోంది, మోచెయ్యి తెరుచుకుంటోంది, కత్తి పడ్డాక వేళ్లు వదులవుతున్నాయి. తనే నేర్పాడు వాళ్లలో సగం మందికి. పన్నెండు దాటాక భుజాలు లేవడం తగ్గింది. రెండయ్యేసరికి అందరూ మోచేతి నుంచే కొడుతున్నారు. మూడున్నరకి చూస్తే అక్కడ ఒక్కడు కూడా తను నేర్పినట్టు కొట్టడం లేదు. పిడిని బిగించి పట్టుకుని, బలం లేక బరువుతో వేస్తున్నారు. కత్తి ఇరుక్కుంటే కాలు మొద్దుకి తన్ని పెట్టి, పక్కకి తిప్పి, తిట్టి లాగుతున్నారు. అందరికంటే నెమ్మదైన వాడు, పనిలో పేరున్నవాడు, వాడూ తిప్పాడు.

గంట మామ లేచి వాడి చేతిలో కత్తి అడిగి తీసుకున్నాడు. అదే మోడు మీద కొట్టాడు. కత్తి దిగి ఇరుక్కుంది. ఆయన చెయ్యి ఆలోచించకుండా పిడిని కాస్త పైకెత్తి, కాస్త కిందికి దించి, దిగిన దారినే బయటికి తీసింది. మళ్లీ కొట్టాడు. ఈసారి తన చేతినే చూస్తూ కొట్టాడు. వాదర చెక్కని తాకే ముందే వేళ్లు వదులవుతున్నాయి. అదురు పిడిలోకి రాకుండా మణికట్టులోనే ఇంకిపోతోంది. మెడ మీద దెబ్బ బరువు పడనే పడటం లేదు. కత్తి చేసే పనిలో సగం చెయ్యి చేస్తోంది.

మొద్దు మీద కొట్టిన వందలూ ఇలాంటివే. నాలుగు నెలల కింద నాలుగు కత్తుల మీద, అంతకు ముందు ఎన్నో కత్తుల మీద. తెల్లారి టీ తాగి, నీడలో నిలబడి, హాయిగా కొట్టిన దెబ్బలు. ఆయన కత్తుల్ని పరీక్షించలేదు. కత్తులకి సాయం చేశాడు. పనివాళ్లకి మధ్యాహ్నం మూడున్నర అవుతుందన్న సంగతి ఆ పరీక్షలో ఎక్కడా లేదు. తను కూడా ఒకప్పుడు ఈ వాలు మీద మూడున్నర దాకా నిలబడ్డవాడే. నీడపట్టుకి చేరాక అది మర్చిపోయాడు.

కత్తి ఇచ్చేస్తుంటే దాని యజమాని నవ్వి, "మీ చేతిలో వెన్నలా దిగుతుంది మామా," అన్నాడు.

"అనకయ్యా ఆ మాట," అన్నాడు గంట మామ.

శనివారం పది గంటలకి ఆఫీసరమ్మ జీపు దిగింది. సన్నటి మనిషి, కళ్లజోడు, తక్కువ మాట. షెడ్డు ముందు మొద్దు పెట్టారు. గుమాస్తా కొట్లోంచి నూనె కూడా ఆరని కొత్త కత్తి తెచ్చాడు. పనివాళ్లు గోడ వారగా నిలబడ్డారు. అల్లుడు అందరి వెనకాల, ఉరిశిక్ష పడేవాడిలా తల దించుకుని ఉన్నాడు.

గంట మామ ఆ ఉదయం ఒక నిర్ణయానికి వచ్చేశాడు. మాటలెందుకు, ఈ కత్తిని అందరి ముందూ విరగ్గొడితే సరి. అలసిన మనిషిలా కొట్టాలి. బిగించి పట్టాలి, పక్కకి తిప్పాలి. మొదటి ఇరవై దెబ్బలు మామూలుగా వేశాడు. ఇరవై ఒకటో దానికి పిడిని పళ్లు కొరుకుతూ బిగించాడు. కత్తి దిగే క్షణంలో వేళ్లు వాటంతటవే వదులయ్యాయి. మళ్లీ బిగించాడు. మళ్లీ వదులయ్యాయి. యాభై దగ్గర కావాలనే తిప్పబోయాడు. మణికట్టు సగం తిరిగి, తప్పు గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి, దిగిన దారినే కత్తిని తీసేసింది. చెమట కళ్లలోకి కారుతోంది. చెడగొట్టడానికి ఇంత కష్టపడటం ఆయన ఎరగడు. ముప్ఫై అయిదేళ్ల చెయ్యి ఒక్క పూటకి మాట వింటుందా.

"వంద," అన్నాడు గుమాస్తా పైకి లెక్కపెడుతూ.

ఆఫీసరమ్మ కత్తి అందుకుని చూసింది. వాదర మడత లేదు. పిడి ఊగలేదు. ఆవిడ కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. గుమాస్తా మొహంలో వెలుగు వచ్చింది. గోడ వారన ఎవరో ఊపిరి వదిలారు.

"అమ్మా," అన్నాడు గంట మామ. "ఏం రాస్తున్నారు?"

"కత్తి బాగానే ఉందని. మీరే చూపించారుగా."

"అది కత్తి బాగుండటం కాదమ్మా. నా చెయ్యి దాన్ని కాపాడింది. విరగ్గొడదామని చూశాను, నా వల్ల కాలేదు."

"మామా, ఏంటి ఆ మాటలు," అన్నాడు గుమాస్తా.

ఆఫీసరమ్మ కలం ఆపింది. "సరిగ్గా చెప్పండి."

గంట మామకి పెద్ద మాటలు రావు. పొద్దున కొట్టే దెబ్బకీ మూడున్నరకి కొట్టే దెబ్బకీ తేడా చేతులు ఊపి చూపించాడు. కత్తి మెడ మూల మీద వేలు పెట్టి, ఇక్కడ అనుమానం వచ్చినా ఊరుకున్నానని చెప్పాడు. అక్కడున్న అందరి కత్తుల మీదా తన ముడి ఉందనీ, ఆ ముడిని నమ్మే వాళ్లు కత్తి చూసుకోవడం మానేశారనీ చెప్పాడు.

"అంటే మీ పరీక్షే తప్పంటారా?"

"పరీక్ష చేసినవాడిది తప్పమ్మా. వాళ్లెవరిదీ కాదు. అలసిపోయినవాడు తిప్పకుండా ఉండలేడు. వాడు తిప్పినా నిలవాలి కత్తి."

ఆఫీసరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అలా రాస్తే ఇక్కడ మీ పని ఉండదు. తెలుసా?"

"రాయండి."

"ముప్ఫై అయిదేళ్లు చేశారట."

"అందుకే రాయమంటున్నాను."

ఆవిడ రాసింది. కత్తుల పరీక్ష సరిగా జరగలేదు, పరీక్షకుడు ఒప్పుకున్నాడు, నరికినవాడి తప్పేమీ లేదు, సరుకంతా వెనక్కి తీసుకోవాలి, గాయపడ్డ ఆమెకి ఆపరేషన్ చేయించాలి. గుమాస్తా ఆ కాగితం ఆవిడ భుజం మీదుగా చదివి, తన పేరు ఎక్కడా లేదని చూసుకుని, తనే ముందుకొచ్చి గంట మామకి సంతకం చోటు చూపించాడు. గంట మామ పేరు నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు.

మధ్యాహ్నానికి పనివాళ్లు తమ కత్తులు తెచ్చి షెడ్డులో కుప్ప పోశారు. ముప్ఫై తొమ్మిది. వచ్చినవాళ్లు కత్తి కుప్ప మీద పెట్టి అటునుంచటే వెళ్లిపోయారు. రేడియో ఒక్కతే గుమ్మం దగ్గర ఆగి, "అన్నం తిన్నావా మామా," అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పోయింది.

షెడ్డు తాళాలు ఇచ్చేముందు పట్టీలు తీసేస్తానన్నాడు ఆయన. కత్తులు వెనక్కి పోనీ, తన ముడితో పోవడం ఇష్టం లేదు. నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, మొదటి కత్తి ఒళ్లో పెట్టుకుని, ముడి కోసి, రబ్బరు వరస వరసగా విప్పాడు. నాలుగు నెలల చెమట వాసన వచ్చింది. అడుగున మెడ బయటపడింది. బాగానే ఉంది. రెండోదీ బాగానే ఉంది.

మూడోదాని మెడ మూలలో వెంట్రుకంత గీత ఉంది. రబ్బరు మచ్చేమోనని బొటనవేలితో రుద్దాడు. పోలేదు. ఉమ్మి తడి చేసి లుంగీ అంచుతో తుడిచాడు. మూల నుంచి బయల్దేరి గోరు వెడల్పున లోపలికి పోయింది గీత, అంచున తుప్పు పట్టి ఉంది. ఆయన లేవలేక జరుగుతూ గుమ్మం దాకా పోయి, కత్తిని వేలాడదీసి నల్లరాతికి తాటించాడు.

టప్పుమంది.

పట్టీ చుట్టాక కత్తుల్ని మోగించి వినడం ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. రబ్బరు ఉంటే ఏ కత్తీ మోగదు. మంగళవారం ఉదయం అల్లుడి కత్తి పట్టీ, ఆ ఒక్కటీ విప్పి ఉంటే సరిపోయేదని ఆయనకి అప్పుడు తెలిసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఎవరో పక్కన కూర్చున్నారు. అల్లుడు. అడక్కుండానే తర్వాతి కత్తి తీసి, అలుగు గుడ్డతో పట్టుకుని, పిడి మామగారి వైపు పెట్టాడు. గంట మామ ముడి కోశాడు. అల్లుడు పట్టుకున్నాడు, ఆయన విప్పాడు. గీత ఉన్నవి ఒక పక్కన పెట్టారు. ఇరవై విప్పేసరికి ఆ పక్కన ఆరు చేరాయి.

"మావయ్యా," అన్నాడు అల్లుడు. "జీపు ఇంకా ఆఫీసు దగ్గరే ఉంది. ఆవిడ భోంచేస్తోంది. ఇవి చూపిస్తే ఆ కాగితం మార్చి రాస్తుంది. కత్తిదే తప్పని రాస్తుంది."

"తీసుకెళ్లి చూపించు. వేరేచోట్లకీ ఈ సరుకే పోయి ఉంటుంది. అక్కడా మనుషులున్నారు."

"కాగితమో?"

"దాని జోలికి పోకు. అమ్మాయి ఆపరేషన్ దాంట్లో ఉంది, నీ పేరు దాంట్లోంచి పోయింది. ఇక మార్చడానికి ఏముంది?"

"మీ పేరు ఉంది కదా."

గంట మామ ఒళ్లో ఉన్న పట్టీ ముక్కల్ని చేత్తో ఒకచోటికి లాగాడు. "బీట పడింది కత్తికి. కప్పింది ఎవరు? ఆ కాగితంలో ఉన్నది నిజమే నాయనా."

అల్లుణ్ణి ఆయన నాయనా అనడం మంగళవారం తర్వాత అదే మొదలు. అల్లుడు ఆరు కత్తులూ గోనెలో చుట్టుకుని లేచాడు. గుమ్మం దాటుతూ ఆగాడు.

"ఇరుక్కుంటే తిప్పకుండా తియ్యాలని నాకు గుర్తే ఉంది మావయ్యా. ఆ టైముకి చెయ్యి మాట వినలేదు."

"తెలుసు," అన్నాడు గంట మామ. "నాదీ ఈ పొద్దున వినలేదు."

అల్లుడు పరుగెత్తాడు. గంట మామ కుప్పలోంచి ఇంకో కత్తి ఒళ్లోకి లాక్కుని, ముడి కోసి, పట్టీ విప్పి, రాతి దగ్గరికి జరిగి తాటించాడు. తల పక్కకి వంచి, ఆ మోత ఎంతసేపు సాగుతుందోనని వింటూ కూర్చున్నాడు.